తప్పు చెప్పే తీగ

తార్నాకలో రాత్రి రెండుంబావు.
ఎలుకపిల్ల చిన్నమెదడు నుంచి కోసిన పలచని పొర
బుడగలొచ్చే ఉప్పునీళ్లలో ఇంకా బతికే ఉంది.
మరో మూడు గంటలు. మహా అయితే నాలుగు.

గాజుగొట్టాన్ని కాల్చి, సాగదీసి
వెంట్రుకకన్నా సన్నని మొన చేశాను.
దాంతో పుర్కింజీ కణాన్ని ముట్టుకోవాలి,
గుచ్చకూడదు.
చెయ్యి వణికింది. ఆరో కణమూ పోయింది.

జహేదా బీ ఉంటే "అయ్సా నక్కో బిడ్డా" అనేది.

లాడ్ బజార్ వెనక గల్లీలో, రంజాన్ అయిపోయినప్పటి నుంచి
ఆదివారాలు ఆమె దగ్గర లక్కగాజులు నేర్చుకుంటున్నాను.
బొగ్గుల మీద లక్క మెత్తబడే క్షణం ఒకటుంది,
దాటితే రాయి మునిగిపోతుంది,
తొందరపడితే ఊడిపోతుంది.
అదెప్పుడో ఆమె ఏనాడూ చెప్పలేదు.
తప్పినప్పుడల్లా చిమటా వెనకవైపుతో
మణికట్టు మీద ఒక్కటి, అంతే.

ఈ కణానికీ జహేదా బీ ఒక్కతే.
మొదట్లో నాలుగైదు తీగలు పాకి వస్తాయి,
పోట్లాడుకుంటాయి,
గెలిచినది కొమ్మకొమ్మకీ అల్లుకుంటుంది.
లక్ష సన్నదారాలు గుసగుసలాడుతుంటే
ఆ ఒక్క తీగ అరుస్తుంది: తప్పు!
కాల్షియం వరద.
ఆ క్షణాన ఏ గుసగుస నడుస్తోందో
దాన్ని వినే చెవుల్ని
కణం మెల్లగా లోపలికి లాక్కుంటుంది.

ఆ గుసగుసల వాళ్లంతా ఎవరనుకున్నారు?
పెరగండి, ఇంకా పెరగండి అని
పసితనంలో ఇదే కబురంపితే
పై అంచున పుట్టి, గ్లియా గుంజలు పట్టుకుని
జారుతూ లోపలికి దిగిన వాళ్లు.
పిలిచి పెంచుకున్న గుంపులోనే
ఇప్పుడు కొందరి మాట వినడం మానేసింది.
నేర్చుకోవడమంటే కూడబెట్టుకోవడం అనుకునేదాన్ని నేను.

పోయిన నెల నిమ్స్‌లో డాక్టరు
వేలు ముక్కుకి ఆనించమంటే
జహేదా బీ వేలు చెంప దాటి
చెవి కమ్మ దగ్గర ఆగింది.
"ముక్కు జరిగింది సాబ్" అని నవ్వింది.

మొన్న ఆదివారం మూడు రాళ్లు వరసగా జారాయి.
చిమటా నా చేతిలో పెట్టి
మణికట్టు ముందుకు చాపింది.
"మార్."

కొట్టలేకపోయాను.
ఆ దెబ్బ వినాల్సిన కణాలే
ఒక్కొక్కటీ తగ్గిపోతున్నాయని చెప్పడానికి
ఉర్దూ చాల్లేదు, తెలుగూ చాల్లేదు.
రాయి తీసి, ఆమె వేళ్ల మీద నా వేళ్లు పెట్టి
లక్క చల్లారేదాకా అలాగే ఉన్నాం.

ఏడో కణం.
మొన ఆనింది, ఈసారి గుచ్చుకోలేదు.
తీగకి చిన్న కరెంటు ఇచ్చి
తెర మీద గీత వైపు చూస్తున్నాను.