ఎత్తు దిగాక

తలవంచకుండా బతికామని
జనం గొప్పగా చెప్పుకుంటారు.
నేను తలవంచుకునే బతికాను,
ఇరవై రెండేళ్లు,
నలభై మీటర్ల ఎత్తున.

ముర్మాన్స్క్ రేవులో పదకొండో నంబరు క్రేను.
కాళ్ల కింద గాజు, గాజు కింద ఓడ కడుపు,
ఆ కడుపులోకి బొగ్గు.
మెడ వంచి చూస్తే తప్ప బకెట్ మాట వినదు.
డిసెంబరంతా పొద్దు పొడవదు,
జనవరిలోనూ కొన్నాళ్లు పొడవదు.
ఫ్లడ్‌లైట్ల పచ్చవెలుగే మాకు మిట్టమధ్యాహ్నం.

మొదట మెడ బిగిసింది.
దిండు మార్చాను. తువ్వాలు చుట్టి పెట్టుకున్నాను.
పక్కింటి లుకేరియా బాతుకొవ్వు రాసి
రెండ్రోజులు స్నానం చెయ్యొద్దంది.
తర్వాత ఒకరోజు
క్రేను కదల్లేదు, ఓడ కదల్లేదు,
మధ్యలో నేను మాత్రం తిరిగాను
గిన్నెలో గరిటె తిప్పినట్టు.
రేడియోలో "ఆపండి" అన్నాను.
ఆ గొంతు ఎవరిదో అనుకున్నాను.

డాక్టర్ రిమ్మా ఎద్వార్దోవ్నా
కాగితం నావైపు తిప్పింది.
విటమిన్ డి: తొమ్మిది.
ముప్ఫై ఉంటే మంచిదట.
"నా తల తిప్పింది ఇదేనా?" అన్నాను ఆశగా.
జబ్బు ఒక్కటే అయితే శత్రువూ ఒక్కడేగా.
ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"ఒళ్లునొప్పుల్లో దీని వాటా ఉండొచ్చు.
మెడ మాత్రం నీ గాజునేల పుణ్యం.
తిరగడం చెవిదో మెడదో ఇంకా చూడాలి.
అన్నిటినీ ఒకే మేకుకి తగిలించకు."

చుక్కల మందు రాసింది. కసరత్తు చెప్పింది:
గడ్డం లోపలికి, భుజాలు కిందికి, పది అంకెలు,
మొదటిసారి ఫొటో దిగుతున్న సిపాయిలా.
క్రేను ఎక్కొద్దన్న మాట
అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో రాసింది.

చిన్నప్పుడు మా బాలవాడిలో ఒక దీపం గది ఉండేది.
నల్ల కళ్లద్దాలు పెట్టి, చెడ్డీల మీద,
దీపం చుట్టూ మమ్మల్ని వలయంగా నిలబెట్టేవాళ్లు.
గాలి మాడినట్టు వాసన.
టీచరమ్మ చప్పట్లు కొడితే
అందరం వెనక్కి తిరిగేవాళ్లం,
పెనం మీద అట్లు తిరగేసినట్టు.
ఎండని కూడా వంతులేసి పంచిన ఊరు మాది.

ఇప్పుడు నేను కింద, తూకపు గదిలో.
లారీలొస్తాయి, అంకెలు రాస్తాను.
పైన సవేలీ, ఇరవై నాలుగేళ్లవాడు.
కాళ్లు పొడుగని
నా సీటు వెనక్కి జరుపుకున్నాడట.
ఆ మాట విన్న రాత్రి
మెడకన్నా ఎక్కువ నొప్పెట్టిందేదో
ఎక్స్‌రేలో పడదు.

ఏటా పొద్దు తిరిగొచ్చిన రోజు
ఊరంతా కొండెక్కి ఎదురుచూస్తుంది,
వేడి టీ తాగుతుంది, ఒకరినొకరు కౌగిలించుకుంటుంది.
నాకు కొండతో పనుండేది కాదు.
ఊరికన్నా ఒకరోజు ముందే, కేబిన్‌లో,
గోరంత ఎర్ర అంచు నాకు కనబడేది.
ఎవరికీ చెప్పేదాన్ని కాదు.
ఇంట్లో కూడా.

ఈసారి తూకపు గదిలో రేడియో గరగరలాడింది.
"తైసియా పెత్రోవ్నా, వచ్చింది."
అంతే అన్నాడు సవేలీ.

బయటికొచ్చాను.
మెడ వెనక్కి వాల్చి పైకి చూడకూడదు నేను,
చూస్తే నేల జారిపోతుంది.
ఆగున్న బొగ్గులారీ అద్దంలో చూశాను:
పదకొండో నంబరు కేబిన్ గాజు
ఎవరో అగ్గిపుల్ల గీసి మరిచిపోయినట్టు.
లారీవాడు హారన్ కొట్టాడు, రసీదు కోసం.

ఈ ఎండతో ఒంట్లో ఏమీ తయారవదట,
ఏప్రిల్ దాకా ఇది కంటికే కానీ ఎముకకి కాదట.
సరే.
రాత్రి వంటగదిలో
చెంచాని కళ్ల ఎత్తుకి తెచ్చి పట్టుకున్నాను,
తలవంచకుండా.
మూడు, నాలుగు, ఐదు.
ఆరోది సీసా మూతి దగ్గరే వేలాడుతూ
ఎంతకీ పడదు.