రెండో చరణం దగ్గర

సరుకుల పడవ రావడానికి ఇంకా పదకొండు రోజులు.
బియ్యం అడుగంటింది, డీజిల్ అడుగంటింది,
మాటలు మాత్రం అడుగంటలేదు.
కొబ్బరి తూకం షెడ్డులో చాపలు పరిచి
నూట నలభై మందిమి కూర్చున్నాం
దీవికి కొత్త పాట ఎంచుకోవాలని.
మినిట్స్ రాసే పని నాది.

పాతది ఎవరో దొరగారు రాసింది.
అందులో ఆకులు రాలతాయి, మంచు కరుగుతుంది.
డెబ్బై ఏళ్లు నిటారుగా నిలబడి పాడాం,
మంచు అన్నచోట
చేపల ఐసు పెట్టె వైపు చూస్తూ.

మూడు పాటలొచ్చాయి.
ఫలనికో పాట మరీ పైకెక్కింది,
రెండో పాదానికే ముసలాళ్లు దగ్గడం మొదలెట్టారు.
ఆడవాళ్ల సంఘం పాటలో ఇరవయ్యారు చేపల పేర్లు;
ఇరవయ్యేడోది మరిచారని
మా మేనత్త అలిగి బయట కూచుంది.
మిగిలింది లూపెది. పదిహేనేళ్ల పిల్ల,
లెక్కల పుస్తకం వెనక అట్ట మీద రాసుకొచ్చింది.

మొదటి చరణానికి ఎవరూ వంక పెట్టలేదు.
రెండోది "ఈ ఇసుక మాది" అని మొదలు.

జనరేటర్ చూసే టెబానో లేచాడు.
వేరే దీవి మనిషి, ఇక్కడి పిల్లను చేసుకుని పందొమ్మిదేళ్లు.
మా భాషను ఇప్పటికీ
వేడి గంజి తాగినట్టు జాగ్రత్తగా మాట్లాడతాడు.
"మాది అనాలంటే ఎదురుగా ఒకడుండాలి కదా," అన్నాడు.
"పాడేటప్పుడు ఆ ఒకడు నేనేనా?"

మా భాషలో తేడా ఒక్క హల్లే.
పెదాలు మూస్తే మేము.
నాలుక పళ్లకు తగిలిస్తే మనం.

పెద్దాయన నివాగా గొంతు సవరించుకున్నాడు:
"సముద్రం అడుగు కొలిచే ఓడలు తిరుగుతున్నాయి, నాయనా.
వాళ్లూ వింటారు ఈ పాట.
మనది అని వాళ్లతో ఎలా అంటాం?"

ఇద్దరిదీ నిజమే.
ఎవరి వైపు తలూపాలో తెలీక
పసిపిల్లల తలలు నిమిరాం.

అప్పుడే కరెంటు పోయింది.
టెబానో ఒక్కమాటైనా అనకుండా బయటికి నడిచాడు.
చీకట్లో లూపె ఆ పాదాన్ని
ఒకసారి పెదాలతో, ఒకసారి పళ్లతో
పాడి చూసుకుంటోంది.
ఎవరో అందుకున్నారు, ఇంకెవరో.
ఎవరు ఏది పాడారో
పెదాలు కనబడందే ఎలా రాయను?

ఆ హల్లు చోట ఖాళీ వదిలాను.

బయట తాడు లాగుతున్న చప్పుడు. ఒకటి. రెండు.
టార్చి పట్టుకున్న మా మేనత్త
అతనికి
ఇరవయ్యేడో చేప పేరు నేర్పుతోంది.