తేలిక రాయి

ఎస్టోనియా ఈశాన్యాన కొండల్లేవు.
కనిపించేవన్నీ గని కక్కినవే.
నేల కింద మండే రాయి, గోధుమరంగుది,
దాని పొరల నడుమ సున్నపురాయి.
కావలసింది కొలిమికి పోయింది,
అక్కర్లేనిది ఆకాశం వైపు పేరుకుంది.

గుట్ట మీద ఒకచోట మంచు నిలవదు.
నల్లటి మచ్చ, సన్నటి ఆవిరి,
మురిగిన గుడ్డు వాసన.
పిల్లలు దాన్ని పొయ్యి అంటారు.

కంకర మర దగ్గర పనిచేసే ఆమె పేరు తీయు.
మా భాషలో అది పేరు కాదు, పని
అని చెబితే నవ్వింది:
"మా అమ్మ సరిగ్గానే పెట్టింది."

ఆ అమ్మ, హిల్యా,
ఇదే గని ఒడ్డున, కదిలే బెల్టు పక్కన
పదహారేళ్ళు నిలబడింది.
బియ్యంలో రాళ్ళేరడం కాదు,
రాళ్ళలో రాళ్ళేరడం.
దుమ్ములో రంగు తెలియదు, చేత్తోనే తూచాలి:
తేలికైతే నిప్పు,
బరువైతే వెనక్కి విసిరెయ్యి.

రాత్రి షిఫ్టు ఆఖరి గంటలో
వేళ్ళు మొద్దుబారి
తేలిక రాయీ గుట్టకే పోయేది.
లోపల ఇప్పటికీ రాజుకుంటున్నది అదే,
ఆ ఆడవాళ్ళు ఆపుకున్న నిద్ర.

ఇప్పుడు గుట్టను పైనుంచి దించుతున్నారు.
ఎక్స్‌కవేటర్ పళ్ళు దిగినచోట పొగ లేస్తే
పరుస్తారు, తడుపుతారు, వారం ఆగుతారు.
తర్వాత మర. తర్వాత కంకర.
చిత్తడి నేల మీదుగా వేసే రోడ్డుకి.

ఈ కంకర ఉన్నంత మేరా
ఎక్కడో ఒక అడవి అంచు క్వారీ కాకుండా మిగులుతుంది,
అంటాడు ఇంజినీరు.
తీయు ఔననదు, కాదనదు.
అవతలి గనిలో ఇవాళ
ఎన్ని లారీలు కొత్త గుట్ట ఎక్కాయో ఆమె లెక్కపెట్టింది.
వాళ్ళింటి కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు
ఇంకా కడుతూనే ఉంది.

ఏరడానికి యంత్రం ఉంది.
అయినా అప్పుడప్పుడు గ్లవ్ తీసి
బెల్టు మీంచి ఒకటి అందుకుంటుంది.
తేలిక.
"ఇది నువ్వు దాటేసింది" అని గొణుగుతుంది,
తిట్టినట్టు కాదు,
దాక్కున్న మనిషిని పట్టుకున్నట్టు.

ఏప్రిల్లో రోడ్డు తెరిచారు.
రిబ్బను లేదు, వాన.
మొదటి బస్సులో, కిటికీ పక్కన, తీయు.
చక్రాల కింద
హిల్యా విసిరేసిన పదహారేళ్ళు,
ఒక్క కుదుపు లేదు.
ఎప్పుడు నిద్రపట్టిందో,
దిగాల్సిన చోటు దాటిపోయింది.