తొమ్మిది గడ్డి కుప్పలు

ఏడు గుర్రాలు. ఒకటే కంచె.
ఫ్యోర్డు మీంచి లేచిన అక్టోబరు గాలి
పచ్చికని ఒకవైపుకే దువ్వుతోంది.

గేటు కడ్డీకి మోచేతులానించి
బ్యార్త్‌మార్ అరుస్తాడు:
"అత్తా, కొట్టుకు చస్తున్నాయ్!"
వాడికి పద్నాలుగేళ్లు.
బళ్లో ఏదో గొడవై, ఈ చలికాలానికి నా దగ్గరికి పంపారు.
కనుబొమ్మ మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.
ఎవరు కొట్టారని నేనడగలేదు.
ఎవర్ని కొట్టావనీ అడగలేదు.

"కొట్లాట కాదురా అది. చెవులు చూడు."
రెండు కుర్ర గుర్రాలు వెనక్కాళ్ల మీద లేచి
మెడలు పెనవేసి, మోకాళ్లు కొరుక్కుని,
ఒకటి తరిమితే ఒకటి వాగు దాకా పరుగు.
అక్కడ గిరుక్కున తిరిగి,
తరిమింది కాస్తా పారిపోయేది అవుతుంది.
వంతులున్నాయంటే ఆటే.
చెవులు వదులుగా ఊగుతున్నాయంటే ఆటే.
వంతు తప్పిన రోజున పిలు, వస్తాను.

ఎల్డుర్ సంగతి వేరు.
జేగురు రంగు, నుదుట చుక్క, పన్నెండేళ్ల పొగరు.
చెవులు తలకి అతికించి
మెడ పాములా నేలబారుగా చాచి వచ్చిందంటే
ఎదుటి గుర్రం నోట్లో గడ్డి నోట్లోనే ఉండగా తప్పుకోవాలి.
కొత్తగా వచ్చిన బొల్లి గుర్రం, స్త్యార్నాని,
మూడోనాడే ఉత్తరపు మూలకి నెట్టింది.
రెండు తీగలు కలిసే చోటు.
వెనక్కి లేదు, పక్కకి లేదు.
ఆ తన్ను చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినపడింది,
తడిబట్ట బండకేసి కొట్టినట్టు.
తొడ మీద అరచేయంత చర్మం లేచిపోయింది.

నాకు కోపం వచ్చింది. కోపంలో పని తేలిక.
ఎల్డుర్‌ని లాక్కెళ్లి
కొట్టం వెనక దడిలో ఒంటరిగా పెట్టాను.
"పీడా వదిలింది" అన్నాడు వాడు.
నేనూ అనుకున్నాను. రెండు రోజులు.

మూడోరోజు మోసి,
ఎలకరంగు మోసి,
ఐదేళ్లుగా అందరూ తిన్నాక మిగిలిందే తిన్న మోసి
చెవులు వెనక్కి పెట్టింది.
అదే మెడ. అవే పళ్లు. అదే మూల.
తన పిరుదు మీది ఎల్డుర్ గాట్లు మానకముందే
స్త్యార్నా వీపు మీద తన గాట్లు వేసింది.

ఆ రాత్రి కరెంటు బిల్లు వెనక లెక్క రాసుకున్నాను.
ఏడు నోళ్లు, ఒక్క గడ్డి మోపు.
నలభై ఏళ్లుగా అలాగే వేస్తున్నాను.
మా నాన్నా అలాగే వేశాడు.
గుర్రాన్నయితే తీసేశాను,
అది వదిలిన ఖాళీని ఎక్కడికి తోలను?

తెల్లారి పలుగూ పారా పట్టుకుని వెళ్లాం.
నేల సగం గడ్డకట్టింది.
ఉత్తరపు స్తంభం ఊడిరావడానికి మధ్యాహ్నమైంది.
మూల లేకుండా తీగని వంపు తిప్పి లాగాం.
హాల్డోర్ వచ్చి, వేసవి స్వారీలకి కొట్టిన నాడాల్లో
వెనక్కాళ్లవన్నీ పీకేశాడు,
కాఫీకి కూడా ఆగకుండా వెళ్లిపోయాడు.
గుర్రాలు ఏడు, గడ్డి కుప్పలు తొమ్మిది,
దేనికదే దూరం దూరంగా.
"రెండెక్కువ ఎందుకత్తా?"
"తరిమేది ఎలాగూ తరుముతుంది.
వెళ్లేదానికి వెళ్లే చోటుండాలి."
ఎల్డుర్‌ని వారం పాటు
తీగకి అటూ ఇటూ మూతులు కలపనిచ్చి
అప్పుడు వదిలాం, అన్నిటికంటే ఆఖర్న.

శాంతి కుదిరిందని చెప్పను.
నిన్న కూడా మోసి పళ్లు చూపించింది.
స్త్యార్నా నాలుగడుగులు పక్కకి నడిచి
తొమ్మిదో కుప్పలో మూతి పెట్టింది.

మూడున్నరకే చీకటి పడే రోజులొచ్చాయి.
అరచేతిలో దిగిన గడ్డిముల్లు గోటితో తీసుకుంటూ
పొయ్యి దగ్గర కూచున్నవాడు చాలాసేపటికి అన్నాడు:
"మా బళ్లో కూడా ఒక మూలుందత్తా.
ఈతకొలను పక్కన, బట్టలు మార్చుకునే గదిలో."

నేను చేప ముళ్లు తీస్తున్నాను. తలెత్తలేదు.
ఆ మూలలో వాడు నిలబడింది గోడవైపో
దారివైపో
ఇంకా చెప్పలేదు.

బయట వాన అడ్డంగా కొడుతోంది.
ఏడూ గాలికి వెన్ను తిప్పి
ఒకదాని మెడకింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి.
ఏది దేని పక్కన ఉందో
ఇక్కణ్ణించి కనపడ్డం లేదు.