జునిపర్ పక్కటెముక

మా హుంజాలో కొండలకి రెండు అంతస్తులు.
కింద మేం.
పైన, మంచు మొదలయ్యే గీత దాటాక, పరీలు.
మాకున్నవన్నీ వాళ్ళకీ ఉన్నాయట:
బార్లీ చేలు, నీటి కాలవలు,
కాలవ వంతుల మీద తగవులు,
ఎవరింటి కోడలు ఎవరితో మాటలు మానేసిందన్న కబుర్లు.
మాకు మేకలు, వాళ్ళకి కొండమేకలు.
మాకు పొద్దు పొడిస్తే వాళ్ళకి దీపాలవేళ.
మా అత్త అనేది,
నువ్విక్కడ పొయ్యి రాజేస్తుంటే
అక్కడొకత్తె పొయ్యి ఆర్పుకుంటుందే, అని.

వాళ్ళు తినకుండా మాకేదీ రాదు.
కొండమేకని కోసి విందు చేసుకుంటారు.
తిన్నాక ఎముకలన్నీ తోలులో పేర్చి
సన్నటి బెత్తంతో తట్టి లేపుతారు.
అది ఒళ్ళు దులుపుకుని లేచి
దిగి దిగి
మా వేటగాడి తుపాకి ముందుకొస్తుంది.
మాకు దొరికేది ఎప్పుడూ
రెండోసారి చచ్చే జంతువే.

ఒక్కోసారి ఎముక తక్కువొస్తుంది.
ఏ పరీపిల్లో ఆటకి దాచుకుని ఉంటుంది.
అప్పుడు జునిపర్ కొమ్మ విరిచి
ఆ ఖాళీలో పెడతారు.

ఇదంతా చలికాలపు కాలక్షేపం అనుకున్నాను.
మా ఆయన మాయూన్ వేటకి ముందు
వారం పాటు ఆవుపాలు ముట్టడు, నా పక్కన పడుకోడు.
పరీలకి మా వాసన పడదట.
నవ్వుకునేదాన్ని.
ఆ ఏడు తెచ్చిన పోతు మాంసం ఉడికించి
ఎముకల నుంచి ఊడదీస్తుంటే
ఎడమవైపు నాలుగోది తేలిగ్గా తగిలింది.
గోటితో గీరాను.
బెరడు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
పూనకానికి ముందు బితాన్ పీల్చే పొగ వాసన.
ఎవరికీ చెప్పలేదు. కడిగి
ఉప్పుడబ్బా వెనక పెట్టాను.

మరుసటేడు, ఖుబానీ మొగ్గలు పగిలే వారం,
మంచు విరిగి మాయూన్ మీద పడింది.
మూడు రోజులు తవ్వారు. టోపీ దొరికింది.
నాలుగోనాడు తెల్లారగట్ల
తనే తలుపు తోసుకుని వచ్చాడు.
ఆకలి, అన్నాడు.
ఊరు ఏడ్చింది, నవ్వింది, పొట్టేలుని కోసింది.
ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అడిగితే
"ఎవరిదో పెళ్ళి. డప్పులు. చాలామంది తిన్నారు."
ఏం తిన్నారని నేనడగలేదు.

అంతా అతనే.
అదే గొంతు, మెడ మీద అదే మచ్చ,
టీలో ఉప్పెక్కువైందని అదే సణుగుడు.
కాకపోతే పొయ్యికి దూరంగా కూర్చుంటాడు.
నిప్పురవ్వ ఎగిరితే దిగ్గున లేస్తాడు.
తుపాకి అమ్మేశాడు.
కొండమేకలు గోడదాకా వచ్చి
అతన్ని చూసి పారిపోకుండా నిలబడతాయి.
వానకి ముందు అతని ఛాతీలో
తలుపుచెక్క ఉబ్బినట్టు చిన్న చప్పుడు.

రాత్రి అతను నిద్రపోయాక
తస్బీ తిప్పినట్టు
ఒక్కో పక్కటెముకా లెక్కపెడతాను.
ఒకటి. రెండు. మూడు.
చెయ్యి తీసేస్తాను.
నాలుగోదాని మీద ఇంతవరకూ వేలు పెట్టలేదు.
పెట్టను.
ఇరవై రెండేళ్ళ కాపురం. నా పళ్ళు మూడు ఊడాయి.
అతనెప్పుడైనా లెక్కపెట్టాడా?

నిద్ర పట్టనప్పుడు ఒకటే ఆలోచన.
పైన, అచ్చం ఇలాంటి వంటింట్లో,
ఉప్పుడబ్బా వెనక
ఒక తెల్లటి ఎముక ఉండి ఉంటుంది.
పిల్ల ఆడి ఆడి వదిలేసింది.
ఏ జంతువుదో ఆమెకి తెలియదు,
పారెయ్యడానికి చెయ్యి రాదు.
దుమ్ము పడితే దుపట్టా చెంగుతో తుడిచి
మళ్ళీ అక్కడే పెడుతుంది.

ఆమె తుడిచినప్పుడేనేమో,
ఇక్కడ మాయూన్ నిద్రలో
చక్కిలిగిలి పెట్టినట్టు నవ్వుతాడు.