ఇంకెవరివో గూడబాతులు

కోశాధికారిని నేను. అంటే
చిల్లుపడ్డ డబ్బా మోసే మనిషిని.

అక్టోబర్‌లో విద్యార్థి సంఘం ముందు కూర్చున్నాం,
టెక్లా, నేను, ఒక కాగితం.
బంతులు ఆరు. కొలను అద్దె.
ఈతదుస్తులు పదమూడు.
కళ్ళజోడు కుర్రాడు పెన్ను ఆపి అడిగాడు:
"దుస్తులెందుకు? ఎవరివి వాళ్ళకుంటాయిగా?"

ఉంటాయి బాబూ.
సరస్సు ఒడ్డున ఎండకు పడుకోడానికి,
ముడి లాగితే విడిపోయేవి.
వాటర్ పోలోలో నీళ్ళ పైన కనిపించేదే మర్యాద.
కింద, రిఫరీ కన్ను ఆనని చోట
ప్రతి చెయ్యీ ఒక పట్టుకారు.
గుడ్డ చర్మంలా అతుక్కోవాలి,
వీపున జిప్పు మెడదాకా మూసుకోవాలి,
వేలు దూరే సందు ఉండకూడదు.
నిరుటివి క్లోరిన్ తిని తిని పలచనయ్యాయి,
వెలుతురుకు ఎత్తిపడితే
అవతల గోడ గడియారంలో టైము తెలుస్తుంది.

ఇదంతా నేను మనసులోనే అనుకున్నాను.
టెక్లా పైకి అనేసింది, గడియారంతో సహా.
కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.
అడిగింది రెండు వేల ఎనిమిది వందలు.
ఇచ్చింది ఆరు వందల పది.

చన్నీళ్ళకు వేన్నీళ్ళు తోడని
లూథరన్ చర్చి వంటింట్లో పాస్టీలు కాల్చాం.
ఒకప్పటి రాగిగని కూలీలు కోటు జేబులో దాచుకుపోయిన తిండి:
కజ్జికాయ ఆకారం, అరచేతికి రెండింతలు,
లోపల గొడ్డుమాంసం, ఉల్లి, రుటబేగా దుంప.
హిల్మా పెద్దమ్మ మా అంచుమడతలు చూసి
"ఇవి గనిలోకి దిగేలోపే విచ్చుకుంటాయి" అంది,
అన్నీ మళ్ళీ తనే మడిచింది.
మంచు మోకాలిదాకా. అయినా
రెండు వందల పద్నాలుగు అమ్మాం.
పిండీ మాంసం బాకీ తీర్చి, కొలను అద్దె కట్టి, ఊడ్చి చూస్తే
నాలుగు వందల పన్నెండు డాలర్లు.

ఆ రాత్రి బ్రాన్విన్‌కు కంపెనీ జాబితాలో అడుగున దొరికాయి.
రద్దయిన ఆర్డరు. పద్నాలుగు. ఒక్కోటి ఇరవై తొమ్మిది.
ముదురు నీలం.
రొమ్ము మీద నోరు తెరిచిన పసుపు గూడబాతు.
మేము నీటికుక్కలం.
మా జెండా మీద నీటికుక్క, మా కేకలో నీటికుక్క.
ఓట్లు పెట్టాం. తొమ్మిదికి నాలుగు.
గూడబాతు గెలిచింది.
మిగిలినవి ఆరు డాలర్లు.

ఫిబ్రవరి పోటీలకు మూడు కార్లలో, నాలుగు గంటల దారి.
మేము నీళ్ళలోకి దిగుతుంటే
అవతలి జట్టు బాతులా అరిచింది.
గూడబాతు అలా అరవదని వాళ్ళకెవరూ చెప్పలేదు.
రెండు ఓడాం. ఒకటి గెలిచాం,
ఆఖరి నిమిషంలో టెక్లా
ఇద్దరిని వీపున మోస్తూ కొట్టిన గోలుతో.
ఆమె దుస్తులకు ఒక్క దారం లేవలేదు.

తువ్వాలు కప్పుకుంటుంటే
మెట్ల దగ్గర ఒక అమ్మాయి, దూది కోటు తీయకుండానే,
మమ్మల్ని కాదు, మా రొమ్ముల మీది పక్షిని చూస్తోంది.
"దాన్ని నేనే గీశాను" అంది.
"కాగితం రుమాలు మీద. ముక్కు కాస్త పెద్దదైంది, కదూ?"
పేరు మారిట్ డెక్కర్.
వాళ్ళ కాలేజీలో ఆగస్టులో కొలను ఎండగట్టారట.
పైకప్పు బాగుచేయడానికి డబ్బు లేక.
ఆర్డరు అప్పటికే వెళ్ళిపోయింది.
రద్దు చేస్తూ ఉత్తరం రాసింది కూడా తనేనట.
వాళ్ళ కోశాధికారి.

ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
కొనుక్కున్నదే, రసీదు ఉంది,
అయినా భుజాల పట్టీలు బిగిశాయి.
ఏం మాట్లాడాలో తెలియక లెక్కపెట్టాను:
పద్నాలుగు, మేము పదమూడుగురం.
సంచి అడుగున కవరు విప్పనిది ఒకటి.
సైజు అడగలేదు. చేతిలో పెట్టాను.
"ఎంత?" అంది.
డాలరు వదలని దాన్ని నేను, తల అడ్డంగా ఊపాను.
ఆమె దాన్ని కోటు మీదే ఆనించుకుని
గాజు తలుపులో చూసుకుంది.
చిన్నదే. ఎవరమూ ఏమీ అనలేదు.

తిరిగొచ్చే దారంతా పెట్రోలు లెక్కలు.
పుస్తకంలో ఖర్చు వైపు రాశాను:
దుస్తులు ఒకటి, సొంతదారుకు.
దాని కింద:
బంతి ఒకటి కావాలి. పాతదానిలో గాలి నిలవడం లేదు.