గ్రేడింగు

వేమవరంలో బావి తవ్వినప్పుడు పైకొచ్చిన మట్టిగుట్ట
ఇరవై ఏళ్లు ఎవరికీ పనికిరాలేదు.
కొంత తెలుపు, కొంత వంకాయ రంగు.
గోరు దూరిస్తే చాలు, పొరలు పొరలుగా విడిపోయే రాయి,
బేలు విప్పిన పొగాకులా.

ఆ పొరల మధ్య ఇవి.
మొదటిది నా అరచేతిలో పెట్టి
"పొట్టేలు కొమ్మండీ" అన్నాడు మాలకొండయ్య.
ఈ సీమలో పొట్టేలు కొమ్ము తెలియనివాడెవడు?
కానీ ఇది ఈదింది.
పొట్టేళ్లు పుట్టకముందు, వాటికి మేత పుట్టకముందు,
కొత్తపట్నం అలలు ఈ చేలదాకా ఉన్నప్పుడు.

వర్ణించడం నా పని.
వెర్నియరు, భూతద్దం, ఏటవాలుగా పెట్టిన దీపం.
అడ్డంగా ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు.
చుట్లు నాలుగు. ఐదోది ఉందేమో, నలిగింది.
బొడ్డు వెడల్పు పదకొండు.
చుట్టుకి ఇరవై ఆరు పక్కటెముకలు,
బయటి అంచు దగ్గర ఒక్కోటీ రెండుగా చీలి.
నోరు లేదు.
కుట్టు లేదు.

కుట్టు ఉండాల్సింది.
గదికీ గదికీ మధ్య గోడ పెంకును తాకినచోట
కొత్తిమీర ఆకు అంచులా ఒక గీత.
అది చూస్తే వంశం చెప్పేస్తాం.
బురద బరువు ఆ గోడల్ని అట్టులా అణిచేసింది,
రిజిస్టరులో సరిగ్గా ఇంటిపేరు దగ్గరే
చెద తిన్నట్టు.

నాలుగు నెలలు. నలభై ఒక్క ముక్కలు.
రెండు ట్రేలు చేశాను.
మోటు ఎముకలవి, పెద్దవి, ఒక దాంట్లో:
పాత జాతి, ఎవరో ఎప్పుడో పేరు పెట్టేశారు.
సన్న ఎముకలవి, చిన్నవి, రెండోదాంట్లో:
కొత్తవి. నావి.
పేరు కూడా అనుకున్నాను,
ఊరి పేరుకి లాటిను తోక తగిలించి,
ఆ వెనక నా ఇంటిపేరు, సంవత్సరం.
ఒంగోలు గదిలో ఒక రాత్రి పైకి చదువుకున్నాను కూడా,
ఫ్యాను చప్పుడులో ఎవరికీ వినపడకుండా.

ఆఖరి రోజు మజ్జిగ తెచ్చింది అతని భార్య ఈశ్వరమ్మ.
టంగుటూరు గోడౌన్లలో ముప్పై ఏళ్లు
ఆకు గ్రేడింగు చేసిన చేతులు.
నేను అడక్కుండానే ట్రేల ముందు కూర్చుంది.
ఒక్కోదాన్నీ చూపుడువేలితో తడిమింది,
మొహం పక్కకి తిప్పుకుని,
తడిమేటప్పుడు చూస్తే తప్పన్నట్టు.
నా పెద్దవాటిలోంచి మూడు తీసి చిన్నవాటిలో వేసింది.
చిన్నవాటిలోంచి ఒకటి తీసి
ఎటూ వెయ్యక, గుప్పిట్లోనే ఉంచుకుంది.

"రెండు రకాలు కాదమ్మాయ్.
ఒక చెట్టుదే.
కింది ఆకు పలచన, పై ఆకు మందం.
కొత్తగా వచ్చిన పిల్లలు రెండు చెట్లనుకుంటారు,
నడిమాకు చేతికొచ్చిందాకా."

గుప్పిట విప్పింది. పదిహేడో నంబరు.
లోపలి చుట్లు సన్నం.
బయటి చుట్టు సగం దాటాక, మోటు.
దాన్ని నేను ఆరుసార్లు కొలిచాను.
ఆరుసార్లూ సగటు రాసుకున్నాను.

"ఇంతకీ కిలో ఎంత పలుకుద్ది?" అంది.
మజ్జిగలో ఉప్పెక్కువైంది. తాగేశాను.

కొత్త జాతిని కొట్టేశాను.
పాత పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాను,
ఎక్కడైనా ఒక్క కుట్టు దొరికేదాకా
తీయకూడనిది.
కృతజ్ఞతల్లో వర్గీకరణ దగ్గర ఆమె పేరు రాస్తే
పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది:
ఏ సంస్థ? ఏ హోదా?

పదకొండో నంబరు గోడౌను, టంగుటూరు.
హోదా దగ్గర కలం ఆగింది.
నడిమాకు, అని రాసి
కొట్టేసి
గ్రేడరు, అని రాశాను.